బాలానగర్ వాకిట్లో ఏడు చేపలు

పాత కథను పిల్లలకు మన యాసలో, మన గల్లీలో తిరిగి చెప్పాలంటే ఏం మార్చాలి? ఏది ముట్టుకోకూడదు?

ఏడు చేపల కథ రాని తెలుగు ఇల్లు ఉండదు. రాజుగారికి ఏడుగురు కొడుకులు. వాళ్లు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే చేప గడ్డివామును చూపించింది. గడ్డివాము ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద నెపం పెట్టారు. అవ్వేమో ఏడుస్తున్న పిల్లను చూపించింది, పిల్ల చీమను చూపించింది. తప్పు నెట్టడానికి పక్కన ఇంకెవరూ లేని చీమ మాత్రం తల దించుకోలేదు. తన ఇంట్లోకి వేలు దూర్చిన వాళ్లను కుట్టక ముద్దుపెట్టుకుంటానా అన్నట్టు ఎదురు తిరిగింది.

ఇంత చిన్న కథలో ఎంత తమాషా ఉందో చూడండి. రాజుతో మొదలవుతుంది గానీ రెండో వాక్యానికే ఆయన అయిపు లేకుండా పోతాడు. చివరి మాట చీమది. ఉన్నవాళ్లందరిలోకీ చిన్నది, సూటిగా జవాబు చెప్పింది అదొక్కటే. నాలుగేళ్ల పిల్లకు ఈ న్యాయం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చీమ మాట రాగానే కిలకిలా నవ్వుతుంది.

అయితే ఆ కథను ఇవాళ హైదరాబాద్ కార్ఖానాల పేట బాలానగర్‌లో చెప్పి చూడండి. గడ్డివాము దగ్గర బండి ఆగిపోతుంది. అక్కడి పిల్లలు ఆవును చూశారు, నర్సాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్‌కు అడ్డంగా నిలబడి ఉంటుంది. దాన్ని పొద్దున్నే తోలుకుపోయే కాపరిని చూడలేదు. గడ్డివాము అంటే ఏమిటో, దాని నీడ చేప మీద ఎలా పడుతుందో చెప్పడం మొదలుపెడితే కథ చప్పబడుతుంది. గొలుసు కథకు ఊపిరి దాని వేగం. ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు నోటికి రావాలి.

అప్పుడు చెప్పేవాళ్ల ముందు రెండు దారులు. గడ్డివామును వివరించడం ఒకటి, కథనే బాలానగర్‌కు తీసుకురావడం రెండోది. రెండో దారి ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు, నోటి కథలు ఊరి నుంచి ఊరికి నడిచిందే ఆ దారిన.

మొసళ్ల దేశంలో ఎర్రటోపీ పిల్ల

అమెరికాలోని లూసియానా చిత్తడి నేలల్లో కేజన్లు అనే జనం ఉన్నారు. కెనడా తూర్పు తీరంలోని అకేడియాలో బతికిన ఫ్రెంచివాళ్ల సంతతి. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టారు. చెల్లాచెదురైన వాళ్లలో చాలామంది చివరికి లూసియానా చేరారు. అక్కడ కూడా వాళ్ల మాటకు కష్టమే ఎదురైంది. 1921లో ఆ రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిషు ఒక్కటే ఉండాలంది. ఇంటి ఫ్రెంచి నోట వచ్చిందని పిల్లలకు శిక్షలు పడ్డాయి. 1968లో గానీ ఆ భాషను కాపాడేందుకు ప్రభుత్వం ఒక సంస్థను పెట్టలేదు.

అలాంటి చోట 1973లో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది, పేరు 'కేజన్ నైట్ బిఫోర్ క్రిస్మస్'. జేమ్స్ రైస్ బొమ్మలు వేశాడు. అందులో క్రిస్మస్ తాతకు జింకల బండి లేదు. మొసళ్లు లాగే పడవ ఉంది. 2001లో మైక్ ఆర్టెల్ రాసిన 'పెటీట్ రూజ్' వచ్చింది. ఇంగ్లిషు చదువుకున్న ప్రతి పిల్లకూ తెలిసిన ఎర్రటోపీ అమ్మాయి కథే అది, కేజన్ మాటతీరులో, పద్యం నడకలో. ఎర్రటోపీ పెట్టుకున్నది బాతు పిల్ల, తోడేలు స్థానంలో క్లాడ్ అనే మొసలి. మొసలి పని పట్టేది వేటగాడు కాదు, ఆ ప్రాంతం వాళ్లు ప్రతి కూరలోనూ పోసుకునే కారం సాసు.

ఇది పాత కథను పాడుచేయడం కాదా అని అడిగేవాళ్లు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. ఆ పాత కథ మాత్రం ఒక్కచోట ఎక్కడ ఆగింది? 1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో అచ్చువేసిన కథలో తోడేలు పిల్లను మింగేస్తుంది, కథ అక్కడితో సరి. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు చెప్పేసరికి వేటగాడు వచ్చి తోడేలు పొట్ట కోసి పిల్లనూ, ఆమె అమ్మమ్మనూ బయటికి తీశాడు. ఇందులో ఏది అసలు, ఏది నకలు? లూసియానాకు వచ్చేసరికి తోడేలు మొసలి అయిందంటే, ఆ చిత్తడిలో పిల్లలు నిజంగా భయపడే జంతువు మొసలి కాబట్టి.

నవ్వు ఎవరి మీద?

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. యాసలో రాసిన కథ పిల్లల్ని నవ్విస్తుంది. ఆ నవ్వు కథలోని చిక్కుకు వచ్చిందా, మాట్లాడే మనిషి నోటికి వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. అమెరికాలో కేజన్ మాట చాలాకాలం హాస్య వేదికల సరుకు. మనకు ఇది కొత్త కాదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస రౌడీకో, పక్కనుండే జోకరుకో దక్కింది. హీరో ఎక్కడ పుట్టినా కృష్ణా గోదావరి తీరాల మాటే మాట్లాడాడు. ఇంట్లో నాయిన మాట్లాడే తీరు తెర మీద దొంగ నోట విన్న పిల్లవాడు బడిలో నోరు విప్పేముందు ఒకసారి వెనకాడతాడు. టీవీలో తీన్మార్ వార్తలు, 2023లో 'బలగం' లాంటి సినిమా ఆ లెక్కను చాలావరకు తిరగరాశాయి. పిల్లల పుస్తకాల అరలో మాత్రం ఆ మార్పు ఇంకా పలచగానే ఉంది.

దానికి కారణాల్లో ఒకటి మన పిల్లల సాహిత్యం గొప్పతనంలోనే ఉంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ'ను 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు నడిపారు. పాఠకులు పంపిన కథలను కూడా ఆయన తిరగరాసి, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేని తేట తెలుగులో పెట్టారు. ఆ పత్రిక పన్నెండుకు పైగా భాషల్లో వచ్చింది. ఏ భాషలోకైనా ఇట్టే ఒదగాలంటే కథకు ఫలానా ఊరి వాసన ఉండకూడదు. అందుకే ఆ ఊరు 'ఒక ఊరు', అందులో 'ఒక రైతు'. మూడు తరాలు ఆ తెలుగు మీద చదవడం నేర్చుకున్నాయి, అందుకు రుణపడి ఉన్నాం. దానితోపాటే కథంటే పేరులేని ఊళ్లో, పుస్తకం భాషలో జరిగేదన్న నమ్మకం కూడా పాతుకుపోయింది.

ఊరి వాసన వదలని వాళ్లు లేకపోలేదు. ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధించి డాక్టరేట్ పొందిన బిరుదురాజు రామరాజు జనం నోటి సాహిత్యాన్ని విశ్వవిద్యాలయం గడప దాటించారు. పాలమూరు బిడ్డ పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'లో తెలంగాణ పల్లె ఆడవాళ్ల మాటను ఉన్నదున్నట్టు కథల్లోకి తెచ్చారు. పిల్లల వైపు నుంచి చూస్తే, హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ రూపొందించిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లిషులలో వచ్చాయి. తాండూరు వైపు నుంచి గోగు శ్యామల, చిత్తూరు వైపు నుంచి గోపిని కరుణాకర్, నెల్లూరు వైపు నుంచి మహమ్మద్ ఖదీర్‌బాబు వాటిలో కథలు చెప్పారు. పేరులేని ఊరికి బదులు పేరున్న వాడలు, రాజకుమారులకు బదులు బడికి పోవడానికి భయపడే పిల్లలు ఆ పుస్తకాల్లోకి వచ్చారు.

షెడ్డు నుంచి షెడ్డుకు

ఇక బాలానగర్. సీతాఫలాలకు పేరుపడ్డ పాలమూరు బాలానగర్ కాదు, హైదరాబాద్‌లో మిషిన్ల బాలానగర్. విమానాలకు ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే హెచ్ఏఎల్ విభాగం ఇక్కడ ఉంది. పనిముట్ల తయారీ నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇక్కడే ఉంది. ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో మన చెరువుల కొలతలు చూసే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కూడా ఇక్కడిదే. రాకెట్లకు, అణు కేంద్రాలకు భాగాలు చేసే ఎంటార్ 1970లో ఈ పేటలోనే పుట్టింది. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది, 2021లో నర్సాపూర్ చౌరస్తా మీద బాబూ జగ్జీవన్ రామ్ ఫ్లైఓవర్ లేచింది. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో కోడు రాసేవాళ్లు మెట్రో కిటికీలోంచి చూస్తే కనబడేవి ఇక్కడి రేకుల కప్పులే.

ఆ రేకుల కింద నడిచేది జాబ్‌వర్కు. ఏ షెడ్డూ వస్తువును మొదటి నుంచి చివరిదాకా తనే చేయదు. ఒకడు లేత్ మీద కడ్డీని తిప్పి సైజుకు తెస్తాడు. చక్‌లో బిగించిన కడ్డీ గిర్రున తిరుగుతుంటే పాలలాంటి కూలెంట్ దాని మీద ధారగా పడుతుంది, నీలిరంగు ఇనుప చుట్టలు కింద రాలి కుప్పవుతాయి. ఆ పీసు ట్రాలీ ఆటోలో పక్క గల్లీకి పోతుంది, అక్కడ రంధ్రాలు పడతాయి. ఇంకో షెడ్డులో మిల్లింగు, మరోచోట హీట్ ట్రీట్‌మెంట్, ఆ తర్వాత గ్రైండింగు, చివరికి ప్లేటింగు. ఒక్కచోట ఆలస్యమైతే వరస మొత్తం ఆగుతుంది. 'పీసు ఎందుకు రాలేదు' అని ఫోన్ చేస్తే అవతలివాడు తన ముందరివాణ్ని చూపిస్తాడు, అతను ఇంకొకణ్ని. బాలానగర్ రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడేది ఏడు చేపల కథే!

కాబట్టి కథను ఇక్కడికి తేవడానికి పెద్ద తంటా లేదు. ముందు ఏది ముట్టుకోకూడదో తేల్చుకోవాలి. ఏడు అనే లెక్క, ప్రశ్న వెంట ప్రశ్న నడిచే గొలుసు, చీమకు దక్కే చివరి మాట. ఈ మూడూ కథకు ఎముకలు. మిగతావన్నీ మార్చుకోవచ్చు. ఒక్క షరతు, ప్రతి కొక్కెం తన తర్వాతి దానికి నిజంగా తగులుకోవాలి. ఆవు మేయకపోతే గడ్డి తరగదన్నది పల్లె పిల్లకు ఎంత నిజమో, బాలానగర్‌లో పెట్టే కొక్కెం అక్కడి పిల్లకు అంత నిజం కావాలి. ఊరికే ఆవు బదులు ఆటో అని పెట్టేస్తే పిల్లలు ఒక్క క్షణంలో పట్టేస్తారు. ఈ లెక్కన కట్టిన కథ ఇది. గట్టిగా చదవండి.

కథ: చిన్నోని చేప

అనగనగ ఒక ముసలవ్వ. ఆమెకు ఏడుగురు కొడుకులు. పెద్దోడు లేత్ మీద, రెండోడు డ్రిల్లింగు మీద, మూడోడు మిల్లింగు మీద, నాలుగోడు గ్రైండింగు మీద, అయిదోడు వెల్డింగు కాడ, ఆరోడు ప్లేటింగు కాడ పనిచేస్తరు. ఏడోడు చిన్నోడు. ఆయనకు మిషిన్ లేదు, ట్రాలీ ఆటో ఉన్నది. అన్నలు చేసిన పీసులు ఈ షెడ్డుకెల్లి ఆ షెడ్డుకు ఏసుకపోయేది ఆయనే.

ఎండకాలమొచ్చింది. నర్సాపూర్ దిక్కు వాళ్ల సొంతూళ్లె చెరువు అడుగంటింది. ఐతారం నాడు షెడ్లు బంద్. ఏడుగురు కలిసి చిన్నోని ట్రాలీ ఎక్కి ఊరికి పోయిండ్రు. బురదల దిగి తలా ఒక చేప పట్టిండ్రు. తెచ్చి ముసలవ్వ చేతుల పెట్టిండ్రు. ముసలవ్వ చేపలు కోసి, కడిగి, ఉప్పు రాసి, వాకిట్ల తీగ కట్టి వరుసగ ఏలాడదీసింది.

మూడొద్దులైంది. ఆరు చేపలు గలగల ఎండినయ్. తీగ కొసకున్న చిన్నోని చేప ఒక్కటి మెత్తగనే ఉన్నది. ముసలవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

"ఏమే చేపా, అన్ని ఎండినయ్, నువ్వెందుకు ఎండలే?"

"నేనేం చేద్దునవ్వా? ఎండంత స్క్రాపు కుప్ప మీదనే ఆగుతున్నది. నాకు దాని నీడనే మిగిలింది."

"ఏమే స్క్రాపు కుప్పా, ఇంతెత్తు పెరిగినవు, ఎందుకు జరుగలే?"

"నాకేమన్న కాళ్లున్నయా? నన్ను ఏసుకపోను ట్రాలీ రాలే."

"ఏమే ట్రాలీ, మూడు గీరెలున్నయ్, ఎందుకు కదలలే?"

"గీరెలుంటె అయితదా? చిన్నోడు నడపలే."

"ఏంరా చిన్నోడా, ఎందుకు నడపలే?"

"సద్ది లేకుంట ఎట్ల పోతనే అవ్వా? నీ కోడలు సద్ది కట్టలే."

"ఏం బిడ్డా, ఎందుకు సద్ది కట్టలే?"

"పిలగాడు సంక దిగుతలేడు అత్తమ్మా. ఒక్కటే ఏడుస్తున్నడు."

"ఏం నాయినా, ఎందుకేడుస్తున్నవు?"

"చీమ కుట్టింది నానమ్మా!"

ముసలవ్వ కొంగు నడుముకు చెక్కింది. గోడ మొదట్ల కూసున్నది. కండ్లు చిన్నగ చేసి సందులకు చూసింది.

"ఏమే చీమా, నా మనుమణ్ని ఎందుకు కుట్టినవే?"

చీమ బయటికొచ్చింది. మీసాలు సవరించుకున్నది.

"అవ్వా, నీ వాకిట్ల నాకొక ఇల్లుండె. నా తలుపు మీద నీ కొడుకులు స్క్రాపు కుప్ప పోసిండ్రు. తొవ్వ లేక గోడ కింది నుంచి తొలుచుకుంట తొలుచుకుంట నీ ఇంట్లకొస్తి. వచ్చీ రాంగనే నీ మనుమడు నా కొత్త తలుపుల వేలు పెట్టిండు. ఇప్పుడు నువ్వే చెప్పు, నేను కుట్టాల్నా, వద్దా?"

కథ ఆపిన చోట

కథ ఇక్కడే ఆపాలి. ముసలవ్వ ఏం చేసిందో అచ్చులో చెప్పకూడదు. పాత కథలో గొలుసు చీమ దగ్గర తెగుతుంది. ఇక్కడ చీమ మాట మళ్లీ స్క్రాపు కుప్పకు తగులుకుని గొలుసు గుండ్రంగా మూసుకుంటుంది. దాన్ని ఎక్కడ విప్పాలన్నది వినే పిల్లల పని. పిలగాణ్ని ముసలవ్వ ఎత్తుకుంటే సద్ది తయారవుతుందని ఒకరంటారు. ఆరుగురు అన్నలూ తట్టలు పట్టుకుని కుప్ప ఎత్తిపోయొచ్చు కదా అని ఇంకొకరంటారు. చిన్నోడే తన సద్ది తను కట్టుకోవచ్చని ఏ ఆడపిల్లో అనకపోతే ఆశ్చర్యం. చివర్లో నీతి వాక్యం అతికించాలన్న దురద పెద్దవాళ్లకు ఉంటుంది. ఇక్కడ అది పెట్టారా, ఈ వాదనంతా ఆగిపోతుంది.

యాస ఎక్కడుందో కూడా గమనించండి. లేత్, ట్రాలీ, స్క్రాపు అందరివీ. 'ఎండలే', 'పోయిండ్రు', 'కుట్టాల్నా' అన్న క్రియల్లో, ముసలవ్వ గదమాయింపులో తెలంగాణ వినబడుతుంది. ఐతారం, సద్ది, తొవ్వ, గీర లాంటి మాటలకు కింద అర్థాలు ఇవ్వలేదు. కథ నడకలోనే తెలిసిపోయేచోట అర్థం రాస్తే, ఈ మాట నీకు పరాయిదని పిల్లకు మనమే చెప్పినట్టవుతుంది. అలాగని చెవికి విన్న ప్రతి ధ్వనినీ కాగితం మీద పెట్టకూడదు. నోట్లో 'వోయిండ్రు' అని పలికినా 'పోయిండ్రు' అని రాస్తే మూడో తరగతి పిల్ల తడబడకుండా చదువుతుంది, పలికేటప్పుడు తన తీరున తనే పలుకుతుంది.

పరీక్ష ఒకటుంది. యాస మొత్తం తీసేసి ఇదే కథను చందమామ తెలుగులో రాసి చూడండి. అప్పుడూ ఇది బాలానగర్ కథగానే మిగలాలి. మిగలకపోతే ఆ యాస పైపూత. లూసియానా బాతుపిల్ల కథలో మొసలి, కారం సాసు కథను నడుపుతాయి, మాటతీరు వాటి తోడు వచ్చింది. అవి లేకుండా మాటతీరు ఒక్కటే పెట్టి ఉంటే మనుషుల మీద వేసిన జోకు అయ్యేది.

ఒకే తరగతి, నాలుగు నోళ్లు

బాలానగర్ మాట అంటే ఒక్కటే కాదన్నది అసలు చిక్కు, అసలు సంపద కూడా. మెదక్, పాలమూరు నుంచి వచ్చినవాళ్ల పక్కనే శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. బిహార్, ఒడిశా పనివాళ్ల పిల్లలు అదే బెంచీ మీద కూర్చుంటారు. దక్కనీ ఉర్దూ అందరి నోళ్లలోనూ కాస్తో కూస్తో ఉంటుంది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన అమ్మమ్మకు ఈ కథ ఇస్తే చెరువు సముద్రమవుతుంది, వాకిలి ఇసక దిబ్బవుతుంది. స్క్రాపు కుప్ప స్థానంలో ఒడ్డుకు లాగిపెట్టిన తెప్ప వస్తుంది. చేపలు ఎండబెట్టడం గురించి ఆమెకు తెలిసినంత రాజుగారి కొడుకులకూ తెలియదు. ఆమె మాటతీరు వేరు, గొలుసు అదే.

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం విస్తరించింది, పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషుగా అచ్చయ్యాయి. ఇంటి మాట కోసమంటూ సెప్టెంబర్ 9న, కవి కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతారు. ఆ రోజు సభలో ఉపన్యాసాలు వినిపించే బదులు తరగతికి ఏడు చేపల కథ ఇచ్చి, ఒక్కో పిల్లను ఒక్కో కొక్కెం మార్చుకు రమ్మంటే సరిపోతుంది. మీ ఇంట్లో చేప మీద దేని నీడ పడుతుంది? అది కదలకపోవడానికి కారణం ఎవరు? జవాబు కోసం పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడగక తప్పదు. ఇంటి మాటలో వచ్చిన జవాబును బడిలో అదే మాటలో చెప్పనివ్వాలి, మధ్యలో సరిదిద్దకూడదు. షరతు మాత్రం పాతదే, ఏడూ, గొలుసూ, చీమా ఉండాలి.

పైన అచ్చయిన బాలానగర్ కథ కూడా ఖాయం కాదు. మూసాపేటలో ఎవరో పిల్లవాడు విని, "అట్ల కాదు, మా దాంట్ల ట్రాలీ కాదు, క్రేను" అని ఎదురు చెప్పాలి. ఫతేనగర్‌లో ఇంకొకరు ముసలవ్వ పేరు మార్చేయాలి. అప్పుడే అది కథగా బతికినట్టు. ఎవరూ ఎదురు చెప్పడం లేదంటే, ఎంత బాగా రాసినా అది ఇంకా ఆ ఊరి కథ కాలేదనే లెక్క.